ఎస్తేరమ్మ గారి కుడివైపు సీటు

పోయిన వారం ఫిల్మ్‌నగర్ వైపు ఎక్కే దారిలో ఒక లారీ వెనక ఇరుసు పగిలి రోడ్డు పొడవునా గేర్ ఆయిల్ కారింది. అంతకు కాసేపటి ముందే జల్లు పడి ఆగింది. స్కూటరు మీద వెళ్తున్న నాకు ముందు ఆ వాసన తగిలింది. గేర్ ఆయిల్ వాసన ఎరగనివాళ్ళకు చెప్పడం కష్టం. గంధకం, కుళ్ళిన వెల్లుల్లి, కాలిన ఇనుము ఒకచోట చేరితే దాదాపు అలా ఉంటుంది. బట్టలకు అంటుకుంటే ఎన్ని ఉతుకులు ఉతికినా ఓ పట్టాన పోదు. బండి పక్కకు తీయడం కూడా మరిచిపోయి, నడిరోడ్డు మీద కాళ్ళు ఆనించి నిలబడ్డాను. వెనక ఆటో అతను హారన్ మోగించి మోగించి, చివరికి తల బయటపెట్టి, "ఏందక్కా, గీడనే ఆపినవ్? జర పక్కకు జరుగు" అన్నాడు. జరిగాను. వయసు నలభైకి దగ్గరపడుతున్నా, పాత కార్ల మధ్యే బతుకుతున్నా, నేను ఇప్పటికీ పిరికిదాన్నే. ఆ మాట తల దించుకోకుండా చెప్పడం నాకు ఒకావిడ నేర్పారు. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. సినిమా మొదట్లో వచ్చే పేర్లలో ఆవిడ పేరు ఎప్పుడూ పడలేదు.

ఆవిడ ఎస్తేరమ్మ గారు. ఫిల్మ్‌నగర్‌లో బండరాళ్ళ వెనక, రేకుల షెడ్డులో ఆవిడకొక గరాజు ఉండేది. షూటింగులకు పాత కార్లు అద్దెకివ్వడం పని. పెళ్ళికొడుకు ఊరేగే టాపు లేని కారు కావాలన్నా, విలన్ దిగే నల్ల కారు కావాలన్నా మా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆవిడ భర్త డేవిడ్ గారు బాపట్ల నుంచి వచ్చి పెట్టిన గరాజు అది. ఆయన పోయాక ఆవిడే నడిపారు. గంజి పెట్టిన నేత చీర, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ ఒక రుమాలు. రోజూ యూసుఫ్‌గూడ నుంచి ఆటోలో వచ్చేవారు. ఆటో కాస్త వేగం అందుకుంటే చాలు, డ్రైవరు భుజం మీద తట్టి, "బాబూ, నాకు భయం, మెల్లిగా పోనీ" అనేవారు. అన్ని కార్లున్న మనిషికి ఒక్క కారూ నడపడం రాదు. ఎందుకు నేర్చుకోలేదని అడిగితే "భయమమ్మా" అనేవారు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా.

నేను ఆ గరాజులో చేరింది సామాను వెతికే పనికి. మా నాన్న తణుకు నుంచి వచ్చి కృష్ణానగర్‌లో ఒక గదిలో సినిమా దుస్తులు కుట్టేవాడు. నాకు డిగ్రీ అయ్యి, ఉద్యోగం రాక, ఆయన మిషను పక్కన గుండీలు కుడుతూ కూర్చున్న రోజులవి. ఎస్తేరమ్మ గారికి కంప్యూటరు చూసి, పది చోట్లకు ఫోన్లు చేసి, పాత కార్లకు విడిభాగాలు తెప్పించే మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. సర్టిఫికెట్లు తీసి చూపిస్తే పక్కన పెట్టేశారు. "నీకు దేనికి భయం?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచక "బల్లులంటే అండీ" అన్నాను. "అది కాదమ్మాయ్, బండి ఎక్కితే?" అన్నారు. సిగ్గుపడుతూనే, బస్సు మలుపు తిరిగినా కళ్ళు మూసుకుంటానని ఒప్పుకున్నాను. ఆవిడ ముఖం విప్పారింది. "రేపట్నుంచి రా" అన్నారు. ఇంటికొచ్చి చెప్తే మా నాన్న పళ్ళ మధ్య సూది పట్టుకునే నవ్వాడు, భయపడేవాళ్ళకు ఉద్యోగాలిచ్చే చోటు ఈ ఊళ్ళో ఒకటుందన్నమాట అని.

ఆవిడకు కొన్ని పట్టింపులుండేవి. బండికి కొత్తగా ఏ భాగం వేసినా, దాన్ని ఎంచినవాళ్ళెవరో వాళ్ళే మొదటిసారి బండి కదిలేటప్పుడు డ్రైవరు పక్కన కూర్చోవాలి. బిగించినవాళ్ళు కాదు, ఎంచినవాళ్ళు. నేను చేరిన కొత్తలో ఒక పాత జీపుకు బ్రేకు లైనింగులు ఫోన్లోనే బేరమాడి తెప్పించాను. చవగ్గా కొట్టానని సంబరపడుతుంటే ఎస్తేరమ్మ గారు "ఎక్కు" అన్నారు. ఫిల్మ్‌నగర్ ఏటవాలు దారిలో ఆ జీపు దిగుతున్నంతసేపూ, నేను మాట్లాడిన ఆ కొట్టువాడి గొంతును గుర్తు చేసుకుంటూ, వాడు నిజమే చెప్పాడా అబద్ధం చెప్పాడా అని మథనపడుతూ కూర్చున్నాను. బ్రేకులు బాగానే పడ్డాయి. కానీ ఆ తర్వాత ఏ కొట్టుకు ఫోను చేసినా, ముందు నా కళ్ళకు ఆ ఏటవాలే కనబడేది. ఇంకొకటి, తాళం తిప్పేముందు అక్కడున్న ప్రతివాళ్ళూ తమకు దేనికి భయంగా ఉందో పైకి చెప్పాలి. ఎడమ టైరు అరిగిందనో, స్టీరింగు కొంచెం వదులుగా ఉందనో, రాత్రి నిద్ర లేదనో ఏదో ఒకటి చెప్పాలి. "నాకేం భయం లేదమ్మా" అన్నవాడికి తాళం ఇచ్చేవారు కాదు. కొత్త డ్రైవర్లు బయటికెళ్ళి నవ్వుకునేవాళ్ళు.

నవ్వనివాడు యాదగిరి. బోరబండ మనిషి, హీరోలకు బదులుగా కార్లు నడిపేవాడు, షూటింగు లేని రోజుల్లో మా గరాజులోనే మెకానిక్ పని చేసేవాడు. నా ఈడువాడే అయినా నన్ను అక్కా అనేవాడు. చేతులు స్టీరింగు మీద పడితే ఎంత దూకుడో, ఎస్తేరమ్మ గారి ముందు అంత ఒద్దిక. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి వాళ్ళింట్లో పాప పుట్టి నాలుగు నెలలైనా కాలేదు. పాప ఫోటో ఫోనులో పెట్టుకుని, బోల్టు బిగించడానికి ముందొకసారి, బిగించాక ఒకసారి చూసుకునేవాడు.

మా షెడ్డులో ఒక మూల పెద్దబండి ఉండేది. అమెరికా నుంచి ఎప్పుడో ఓడలో వచ్చిన రెండు తలుపుల కారు. ముందు భాగం పొడుగ్గా, వెనక భాగం పొట్టిగా, లోపల లారీకి చాలినంత ఇంజిను. ఇలాంటి వాటిని మజిల్ కార్లంటారు. మేం మాత్రం పెద్దబండి అనేవాళ్ళం. దాని స్టీరింగు ఎడమవైపు. మన దేశంలో డ్రైవరు కూర్చునే కుడివైపున, దాంట్లో పక్క మనిషి కూర్చోవాలి. అలవాటుగా చేతులు ముందుకు చాస్తే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నాకు ఆ బండంటే మొదట్నుంచీ దడ.

ఒకరోజు ప్రొడక్షన్ మేనేజర్ మూర్తి గారు వచ్చారు. మంచి మనిషే, ఎప్పుడూ తొందరలో ఉండేవారు. జూబ్లీహిల్స్‌లో ఒక స్టూడియో వెనక కొండ మీదికి ఎక్కే సొంత రోడ్డు ఉంది. ఎడమవైపు బండ, కుడివైపు పల్లం, పల్లంలో రేకుల ఇళ్ళ కప్పులు. పెద్దబండి ఆ రోడ్డు మీద మలుపు తిరుగుతూ, వెనక రెండు చక్రాలూ పొగలు కక్కుతూ, అడ్డంగా జారి మళ్ళీ నిలదొక్కుకోవాలి. అదీ హీరో మొదటిసారి కనిపించే షాటు. యాదగిరి షెడ్డు ముందే ఒకసారి గట్టిగా తొక్కి చూపించాడు. కుడి చక్రం ఒక్కటే గిర్రున తిరిగి పొగ వదిలింది, ఎడమది కదలనైనా కదల్లేదు. మూర్తి గారు మొహం చిట్లించారు. "ఒంటి చక్రం పొగతో హీరో ఎంట్రీ ఏంటండీ? బండికి ఏదో జబ్బు చేసిందనుకుంటారు జనం."

జబ్బు కాదు, దాని తయారీయే అంత. ఇద్దరు చేతులు పట్టుకుని నడుస్తూ మలుపు తిరిగితే బయటివైపున్నవాళ్ళు పెద్ద అంగలు వెయ్యాలి, లోపలివైపున్నవాళ్ళు చిన్నవి వెయ్యాలి. వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఆ సర్దుబాటు చేస్తుంది. కాకపోతే ఒక చక్రం జారడం మొదలుపెడితే ఇంజిను బలమంతా దానికే పోయి, పట్టున్న చక్రం ఊరికే ఉండిపోతుంది. రెండు చక్రాలనూ కలిపి తిప్పాలంటే డిఫరెన్షియల్‌కు లాకర్ అనే పరికరం వెయ్యాలి. మూర్తి గారికి ఆ సంగతి తెలుసు. "లాకరూ గీకరూ ఎందుకండీ, లోపలి పళ్ళచక్రాలకు వెల్డింగ్ పెట్టించెయ్యండి, సాయంత్రానికి అయిపోద్ది. ఖర్చూ ఉండదు" అని చెప్పి వెళ్ళిపోయారు. ఎస్తేరమ్మ గారు నా వైపు తిరిగి, "సుధా, ఇది నువ్వే ఎంచు" అన్నారు. ఎంచడమంటే ఆ కుడివైపు సీటు ఎక్కడమే కదా.

వెల్డింగే ఎందుకు పెట్టించకూడదని అడిగాను. మధ్యాహ్నం టీ వచ్చాక, షెడ్డులో బెంచీ మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. ఎప్పుడో డేవిడ్ గారు ఒక షూటింగు కారుకు అలాగే వెల్డింగ్ పెట్టించారట. అలా చేస్తే రెండు చక్రాలూ ఎప్పటికీ ఒక్కటే, మలుపులో కూడా విడిపోవు. బండి తిరగనని మొండికేస్తుంది, ఇరుసు మీద బరువంతా పడుతుంది. నాలుగు షాట్లు బాగానే వచ్చాయి. ఐదో దానికి మలుపులో ఇరుసు తెగింది. "చక్రం ఊడి బండి కంటే ముందు కిందికి దిగిపోయింది సుధా. దాని వెనకే బండీ వెళ్ళింది. నడిపేవాడికి పెళ్ళై ఏడాది కూడా కాలేదు." ఆవిడ రుమాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టారు. "అప్పుడు మా ఆయన కెమెరా పక్కన నిలబడి టీ తాగుతున్నారు. చనిపోయేదాకా ఆయన ఒక్కటే మాట అడిగేవారు నన్ను. నేను లోపల కూర్చుని ఉంటే ఆ వెల్డింగ్ పెట్టించేవాణ్ణా ఎస్తేరూ అని. నేనేం చెప్పను?" నా చేతిలో టీ చల్లారిపోయింది.

ఆ వారం నాకు అన్నం సయించలేదు. ఏది ఎంచినా మరో దానికంటే భయంగానే కనబడింది. మీట నొక్కితే కలిసి, మళ్ళీ నొక్కితే విడిపోయే లాకర్లున్నాయి. అవైతే నిశ్చింత, కానీ ఆ ధరకు మా షెడ్డులో ఉన్న ఇంకో కారే వచ్చేస్తుంది. పలకలు ఒకదానికొకటి ఒరుసుకుంటూ రెండు చక్రాలనూ మెత్తగా కలిపే రకం ఇంకొకటి. ఎర్రగడ్డ దగ్గర పాత ఇనుము కొట్టులో ఎవరో పారేసిన బండిలోది దొరికిందని వెళ్ళి, అక్కడే విప్పించి చూస్తే పలకలు అద్దాల్లా అరిగిపోయి ఉన్నాయి. కొట్టువాడు మాత్రం "చానా మంచిగుంటది మేడం, ఫికర్ చెయ్యకు" అంటూనే ఉన్నాడు. నువ్వు పక్కన కూర్చుంటావా అని అడగబోయి ఊరుకున్నాను. ఇక మిగిలింది పాత డిఫరెన్షియల్ డబ్బాలోనే, లోపలి చిన్న పళ్ళచక్రాలు తీసేసి వాటి స్థానంలో అమర్చే లాకర్. దానంతట అదే పనిచేస్తుంది. నింపాదిగా మలుపు తిరిగితే బయటి చక్రాన్ని టకటకమంటూ వదిలేస్తుంది, గట్టిగా తొక్కితే రెండింటినీ కలిపేస్తుంది. ధర మాకు అందుబాటులో ఉంది. అయితే అవి ఎప్పుడు కలుస్తాయో మలుపు మధ్యలో ఉన్నవాడికి ముందుగా తెలియదు. వాడినవాళ్ళు కంప్యూటర్లో రాసినవన్నీ చదివాను. మెచ్చుకున్నవాళ్ళవి ఒకసారి, బెదిరినవాళ్ళవి రెండుసార్లు. చివరికి దాన్నే ఎంచి, ఎస్తేరమ్మ గారికి చెప్తే, "ఎందుకు?" అన్నారు. "మిగిలినవాటితో పోలిస్తే దీని భయం ఏంటో నాకు తెలుసండీ" అన్నాను. ఆవిడ తల ఊపారు.

యాదగిరి దాన్ని బిగించిన మర్నాడు ఉదయం స్టూడియో వెనక రోడ్డు మీదికి వెళ్ళాం. ఎస్తేరమ్మ గారూ ఆటోలో వచ్చారు, అప్పటికే ఆయాసపడుతున్నారు. యాదగిరి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టుకున్నాడు, ఆవిడ పక్కనే నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. తర్వాత ఎవరికి దేనికి భయమన్న మామూలు ప్రశ్న వేశారు. యాదగిరి, "మలుపుల దెబ్బ తగుల్తదేమోనమ్మా, ఎన్కనుంచి" అన్నాడు. నేను, నాకన్నిటికీ భయమేనన్నాను. ఆవిడ నవ్వలేదు. నా బెల్టు తనే పెట్టి, గట్టిగా లాగి చూసి, తలుపు వేశారు.

మొదటి మలుపు మెల్లిగా తిరిగాం. సీటు కింద టకటకటకమని ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు. తర్వాత యాదగిరి తొక్కాడు. కింద సుత్తితో కొట్టినట్టు ఒక్క దెబ్బ, బండి నడుము ఊగింది, పల్లంలోని రేకుల కప్పులన్నీ నా కిటికీలోకి వచ్చేశాయి. అరిచాను. ఏమని అరిచానో నాకు తెలియదు, మా అమ్మను పిలిచానని యాదగిరి తర్వాత చెప్పాడు. బండి జారి, జారి, మళ్ళీ తిన్నగా నిలబడింది. దిగి చూస్తే రోడ్డు మీద రెండు నల్లటి గీతలు. ఎస్తేరమ్మ గారు ఆ గీతల పక్కనే, చివరిదాకా, ఆగి ఆగి నడిచారు. అంతటితో వదల్లేదు. దిగుతూ తిప్పించారు, గులక మీద తిప్పించారు, అరిగిన టైర్లు వేయించి తిప్పించారు. ప్రతిసారీ ఆ కుడివైపు సీట్లో నేనే. ఎండ నడినెత్తికి వచ్చేసరికి నా గొంతు పోయింది. యాదగిరి మాత్రం మురిసిపోతూ, "ఇగ ఈ రోడ్డు నాదే అక్కా" అన్నాడు.

షూటింగు రోజుకు ఎస్తేరమ్మ గారు మంచం పట్టారు. గుండె బలహీనంగా ఉంది, కదలొద్దన్నారు డాక్టర్లు. బండితో యాదగిరీ నేనూ వెళ్ళాం. ఆవిడ లేకుండా అంతమంది మధ్య నిలబడటం నాకు అదే మొదటిసారి. కెమెరాలు పెట్టేశారు, హీరో మీద తీయవలసినవి అయిపోయాయి, ఇక యాదగిరి నడపడమే తరువాయి. అప్పుడు నీళ్ళ ట్యాంకరు వచ్చింది.

సినిమా వాళ్ళు రోడ్డు తడుపుతారు. పొడి రోడ్డు కెమెరాకు బూడిద రంగులో వెలవెలబోతుందట, తడిస్తే మెరుస్తుందట. వానాకాలం కథ కాకపోయినా, మండుటెండలో తీస్తున్నా తడుపుతారు. ఎంత అలవాటంటే అది ఎవరికీ ఒక పనిగా కూడా తోచదు, ఎవరూ ఎవరికీ ముందుగా చెప్పరు. అన్ని రకాలుగా పరీక్షలు పెట్టిన మా ముగ్గురిలో ఒక్కరికీ అది గుర్తు రాలేదు. ట్యాంకరు వెనక కుర్రాళ్ళు పైపు పట్టుకుని మలుపంతా తడుపుతుంటే, నల్లగా, నిగనిగలాడుతూ ఆ రోడ్డు పూర్తిగా వేరే రోడ్డయిపోయింది. మలుపు మధ్యలో లాకర్ దెబ్బ కొడితే రెండు చక్రాలూ ఒక్కసారే పట్టు వదిలేస్తాయి. పాత డిఫరెన్షియల్ అయితే ఒక చక్రం తిరిగినా రెండోది రోడ్డును పట్టుకుని ఉండేది. ఇప్పుడు పట్టుకునేది ఏదీ లేదు. దాన్ని ఎంచింది నేను.

యాదగిరి దగ్గరికి వెళ్ళాను. అతనూ రోడ్డునే చూస్తున్నాడు. పెదాలు కదపకుండా, "అక్కా, తడి మీద మనం తిప్పి చూడలే" అన్నాడు.

"చెప్పు మరి వాళ్ళకి."

"నేను చెప్తే ఎట్లక్కా? భయపడ్డడని పేరు పడితే రేపటి సంది నన్ను పిలుస్తరా?" అన్నాడు. అతని జేబులో ఫోను మోగింది. తీసి చూడలేదు.

మూర్తి గారి దగ్గరికి నేనే వెళ్ళి, నాకు భయంగా ఉందండీ, తడి రోడ్డు మీద ఒకసారి మెల్లిగా నడిపి చూడనివ్వండి అన్నాను. ఆయన వాచీ చూసుకున్నారు. "తడి రోడ్డు లేకుండా ఏ షాటు తీశామమ్మా ఇన్నేళ్ళలో? వెలుతురు పోతోంది. యాదగిరికి లేని భయం నీకెందుకు?" పక్కన ఎవరో, కారు కంటే ముందు మెకానిక్ అమ్మకే బ్రేకులు పడ్డాయన్నారు. అందరూ నవ్వారు. వెనక్కి తిరిగి నడిచి, పెద్దబండి కుడి తలుపు తీసి, లోపల కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. హీరో ఒంటరిగా వచ్చే షాటది. నేను దిగితేగానీ కెమెరా తిరగదు. మూర్తి గారు వచ్చి దిగమన్నారు. మరొకరు వచ్చి అరిచారు. ఇంకొకరు బతిమాలారు. అక్కడున్నవాళ్ళంతా దాన్ని నా మొండితనమనుకున్నారు, కొందరు ధైర్యమని కూడా అన్నారట తర్వాత. రెండూ కాదు. నిజంగా నాకు కాళ్ళు రాలేదు. నేను దిగి పక్కకు వెళ్ళి నిలబడితే, ఆ తర్వాత జరగబోయేదాన్ని బయటినుంచి చూడాల్సి వస్తుందన్న భయం నన్ను ఆ సీటుకు కట్టేసింది. ఆఖరికి గొడుగు కింద కూర్చున్న దర్శకుడు విసుగ్గా, "ఒక్కసారి తిప్పేసి రమ్మనండి, పీడ వదిలిపోతుంది" అన్నాడు.

యాదగిరి ఎక్కాడు. షాటులో ఉండాల్సిన వేగంలో సగం కూడా లేదు. మలుపు మొదట్లో టకటకలు వినబడ్డాయి. మధ్యలో ఊరికే కాలు ఆనించినంతగా తొక్కాడు. కింద దెబ్బ తగిలింది. అంతే, బండి వెనక భాగం మమ్మల్ని వదిలేసి తన దారిన తను పోయినట్టు తిరిగిపోయింది. కెమెరాలు, ట్యాంకరు, గొడుగు, బండ, ఆకాశం, అన్నీ నా కిటికీలోంచి వరసగా వెళ్ళిపోయాయి. తర్వాత కప్పులు వచ్చాయి. ఒక కప్పు మీద ఎవరో ఆరేసిన పసుపు పచ్చ దుప్పటి వచ్చింది, అది దగ్గరవుతోంది. ఈసారి అరుపు కూడా రాలేదు. రోడ్డు అంచున పేర్చిన ఇసుక బస్తాలకు వెనకవైపు తగిలి బండి ఆగింది. ఒక బస్తా దొర్లి కిందికి పోయింది. అది రేకుల మీద పడిన చప్పుడు కొంచెం ఆలస్యంగా వినబడింది. ఎవరికీ ఏమీ కాలేదని కింద నుంచి ఎవరో తిట్లు మొదలుపెట్టాక తెలిసింది. ఆ తిట్లు వింటే ప్రాణం లేచి వచ్చింది.

యాదగిరి స్టీరింగు వదల్లేదు. "అక్కా, ఇది సగం స్పీడే" అన్నాడు. జేబులోంచి ఫోను తీసి, ఇంటికి చేసి, పాప నిద్రపోయిందా అని అడిగాడు.

బయట ఎవరూ నవ్వడం లేదు. రోడ్డు ఎండేదాకా ఆగి, సాయంత్రపు ఎండలో పొడి రోడ్డు మీదే ఆ షాటు తీశారు. బాగా వచ్చింది. మెరుపు లేదని కెమెరామన్ గొణిగాడు, ఒక పూట పోయిందని మూర్తి గారు నాతో మాట్లాడటం మానేశారు. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. తడి రోడ్డు నాకైనా ముందే ఎందుకు తట్టలేదని నన్ను నేను తిట్టుకుంటూ యూసుఫ్‌గూడకు ఆటో ఎక్కాను.

ఎస్తేరమ్మ గారు గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నా ముఖం చూడగానే ఏదో జరిగిందని పోల్చుకున్నారు. మొత్తం చెప్పాను. అంతా విని అడిగారు.

"పక్క సీట్లో ఎవరున్నారు?"

"నేనేనండీ."

"భయమని అందరి ముందూ చెప్పావా?"

"చెప్పానండీ. నవ్వారు."

"నవ్వనీ" అన్నారు. నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నారు. అది ఇంకా వణుకుతోంది. దాన్ని ఆపాలని నేను గుప్పిట బిగిస్తే, ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, "ఉండనీ, ఉండనీ" అన్నారు. కాసేపటికి ముఖం పక్కకు తిప్పుకున్నారు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారని తెలిసింది. ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఇన్నేళ్ళూ నేను పోతే ఆ సీట్లో ఎవరూ కూర్చోరేమోనని చచ్చేంత భయపడ్డాను సుధా" అన్నారు. "ఇంక నేను గరాజుకి రాకపోయినా ఫర్వాలేదు."

నిజంగానే రాలేదు. ఏడాది తిరక్కముందే ఎస్తేరమ్మ గారు వెళ్ళిపోయారు. గరాజును యాదగిరికీ నాకూ కలిపి అప్పజెప్పారు. నేను ఇంకాస్త గట్టిపడతాననుకున్నాను, పడలేదు. కొత్తగా ఏ సామాను ఎంచినా ముందు రోజు నిద్ర పట్టదు. ఇప్పుడు ఏ బండిని పరీక్షించినా నీళ్ళు చల్లించి కూడా తిప్పిస్తాను, అయినా ఇంకేదో మరిచిపోయి ఉంటానని మనసు పీకుతూనే ఉంటుంది. ఆవిడ బతికుంటే అడిగేదాన్ని కదా అనిపించి, ఒక్కోసారి షెడ్డులోనే కళ్ళనీళ్ళు వస్తాయి. మొన్న కూడా ఒక కారుకు కొత్త బ్రేకులు వేసి, యాదగిరి పక్కన ఎక్కి కూర్చున్నాను. మలుపు వచ్చేసరికి నా కుడికాలు దానంతట అదే నేల మీద గట్టిగా తొక్కింది, నా వైపు లేని బ్రేకును. యాదగిరి ఓరగా చూశాడు. నవ్వాడు. నవ్వి, బండి వేగం కొంచెం తగ్గించాడు.